మాటల తగవులు చదివిన మనిషి: రేమండ్ విలియమ్స్ ‘కీవర్డ్స్’

లిబరల్ అంటే ఎవరు? ఆస్ట్రేలియాలో అడిగితే 1944లో రాబర్ట్ మెంజీస్ నెలకొల్పిన లిబరల్ పార్టీని చూపిస్తారు. అక్కడి సంప్రదాయవాదులకు అదే పెద్ద పార్టీ. అమెరికాలో అడిగితే పేదల వైద్యం, ముసలివాళ్ల పింఛను ప్రభుత్వమే చూడాలనే మనిషిని చూపిస్తారు. ఫ్రాన్సులో అడిగితే ప్రభుత్వం మార్కెట్ జోలికి రాకూడదనే మనిషిని చూపిస్తారు. కెనడాలో 1942 నుంచి 2003 దాకా ‘ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్’ అన్న పేరుతో ఒక పార్టీ నడిచింది. ముందుకు పోదామనే మాటా, ఉన్నదాన్ని కాపాడుకుందామనే మాటా ఒకే బోర్డు మీద వేలాడాయి. డెన్మార్కులో ‘వెన్‌స్ట్రె’ అనే పార్టీ ఉంది. ఆ మాటకు అర్థం ఎడమ. ఆ పార్టీ రాజకీయం మాత్రం కుడివైపుది.

ఇలాంటి చోట మనకు రెండు రకాల మనుషులు ఎదురవుతారు. అసలు అర్థం ఇదీ, మిగతావాళ్లంతా దాన్ని చెడగొట్టారు అని తీర్పు చెప్పేవారు ఒకరు. రాజకీయంలో మాటలకు విలువేముందని చేతులు దులుపుకునేవారు ఇంకొకరు. వేల్స్ రచయిత రేమండ్ విలియమ్స్ ఈ రెండు దారులూ పట్టలేదు. ఒక మాటకు అర్థం మారిందంటే ఆ మలుపు దగ్గర ఎవరో ఎవరితోనో గట్టిగా తగవు పడి ఉంటారని ఆయన నమ్మాడు. అలాంటి తగవులను తేదీలతో సహా వెలికితీసి 1976లో ‘కీవర్డ్స్’ అనే పుస్తకం వేశాడు. సంస్కృతి, సమాజాల పదజాలం అని దానికి ఉపశీర్షిక పెట్టాడు. మొదటి కూర్పులో 110 మాటలున్నాయి. 1983 కూర్పులో మరో 21 చేరాయి. ఆ పుస్తకంలో రాజకీయ బిరుదుల మీద రాసిన పద్దులను, ముఖ్యంగా లిబరల్, ప్రోగ్రెసివ్, రాడికల్ అనే మూడింటిని దగ్గరగా చూపించి, వాటి వెనకున్న పనితనాన్ని పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

విలియమ్స్ 1921లో వేల్స్ సరిహద్దు పల్లె పాండీలో పుట్టాడు. తండ్రి రైల్వే సిగ్నల్‌మన్. కేంబ్రిడ్జ్‌లో చదువుతూ మధ్యలో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లి, 1945లో తిరిగొచ్చాడు. నాలుగున్నరేళ్లు లేకపోయేసరికి అక్కడి మాటలు తనకు అందడం లేదనిపించింది. తనలాగే సైన్యం నుంచి వచ్చిన పాత మిత్రుడొకడు ఎదురైతే, ఇక్కడివాళ్లు మన భాష మాట్లాడటం లేదని ఇద్దరూ దాదాపు ఒకేసారి అనుకున్నారట. పుస్తకం ముందుమాటలో ఆయనే చెప్పిన సంగతి ఇది. ‘కల్చర్’ అనే మాట అప్పట్లో చాలామంది నోట ఆడుతోంది. అది పాత అర్థంలో లేదు, కొత్త అర్థంలోనూ స్థిరపడలేదు. తరవాత సీఫర్డ్ అనే ఊళ్లో కాపురం పెట్టినప్పుడు, ఒకరోజు అక్కడి గ్రంథాలయం నేలమాళిగలో పదమూడు సంపుటాల ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తీసి ఆ మాట చూశాడు. తన కాలపు చర్చలన్నీ ఆ ఒక్క మాట చరిత్రలో ఉన్నాయని అప్పుడు ఆయనకు తోచింది.

ఆ చూపులోంచే 1958లో ‘కల్చర్ అండ్ సొసైటీ’ వచ్చింది. ఇండస్ట్రీ, డెమోక్రసీ, క్లాస్, ఆర్ట్, కల్చర్ అనే ఐదు మాటల చుట్టూ బ్రిటన్ ఆలోచన ఎలా తిరిగిందో అందులో చూపించాడు. దానికి అనుబంధంగా మరో అరవై మాటల మీద రాసుకున్న వివరణలు కూడా ఉన్నాయి. పుస్తకం మరీ పెద్దదవుతోందని వాటిని తీసేశారు. తీసేసిన ఆ కాగితాలను ఆయన పారేయలేదు. ఇరవయ్యేళ్లకు పైగా చేర్చుకుంటూ, దిద్దుకుంటూ పోయాడు. ‘కీవర్డ్స్’లో కనిపించే పొదుపు ఆ ఓపికలోంచి వచ్చింది. వాక్యాన్ని కుదించాలంటే చెప్పవలసింది ఎంతుందో ముందు పూర్తిగా తెలియాలి.

ఒక్కో పద్దు ఎలా కట్టి ఉంటుందో చూద్దాం. మొదట, ఇప్పుడు మనకు బాగా తెలుసనుకునే అర్థాన్ని ఒక్క వాక్యంలో కదిలిస్తాడు. తరవాత మాట మూలం, ఏ భాష నుంచి ఏ శతాబ్దిలో వచ్చిందో చెబుతాడు. ఆ మూలాన్ని తీర్పులా వాడడు. మూలార్థం ఇది కాబట్టి నువ్వు వాడేది తప్పు అన్న ధోరణి ఆ పుస్తకంలో ఎక్కడా కనిపించదు. అక్కడి నుంచి సాక్షులు వస్తారు. ఒక్కో శతాబ్ది నుంచి ఒక్కో చిన్న ప్రయోగం, పక్కనే సంవత్సరం. ప్రతి సాక్షీ నాలుగైదు మాటలే మాట్లాడతాడు. కొత్త అర్థం వచ్చిన చోట పాత అర్థం చచ్చిపోయిందా, లోపల బతికే ఉందా అని రచయిత ఆగి చూస్తాడు. చివరికి నేటి వాడుక దగ్గరికి వచ్చి, అందులో ఏ పొర ఎవరి చేతిలో ఉందో చెప్పి ముగిస్తాడు. ఒక పేజీలో తేలిపోయేవి కొన్ని, ఐదారు పేజీలు పట్టేవి కొన్ని. పెద్ద మాటకు పెద్ద పద్దు అనే లెక్క ఏమీ లేదు. తగవు ఎక్కడ లోతుగా ఉంటే అక్కడ నిలబడతాడు.

లిబరల్ పద్దు ఈ పనితనానికి మంచి నమూనా. రాజకీయ అర్థం అంత స్పష్టంగా కనిపించే ఈ మాటకు ఆ అర్థం ఈ మధ్యదేనని మొదటే చెప్పి చదువరిని కాస్త కుదుపుతాడు. మాట పుట్టుక స్వేచ్ఛాపరుడు అనే అర్థమున్న లాటిన్ మాటలో ఉంది. స్వేచ్ఛాపరుడు అంటే అప్పట్లో బానిస కానివాడు. అంటే ఈ మాట ఒక సిద్ధాంతంగా పుట్టలేదు, మనుషుల మధ్య గీసిన గీతగా పుట్టింది. పద్నాలుగో శతాబ్దిలో ఇంగ్లిషులోకి వచ్చి ‘లిబరల్ ఆర్ట్స్’లో కూర్చుంది. పొట్టకూటికి చేతులతో పని చేయనక్కర లేనివాళ్లు నేర్చే విద్యలకు అది పేరు. దానికి ఎదురుగా నిలిచిన మాట మెకానికల్. షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో నాటకం వేయడానికి తంటాలుపడే వడ్రంగి, నేతగాడు, కంచరి లాంటి పనివాళ్లను ఆ మాటతోనే పిలిచి నవ్వించాడు. ఇంత సంగతిని విలియమ్స్ మెకానికల్ చూడండి అనే ఒక్క సూచనతో తేల్చేస్తాడు. ఆ పద్దు తిప్పి చూసినవాడికి, ఈ రోజు ఉదారత అనిపించే మాట ఒకప్పుడు చేతిపనివాణ్ణి గడప బయట నిలబెట్టిందని తెలుస్తుంది.

ఆ తరవాత అర్థం రెండు పాయలవుతుంది. చేయి విదిలించి ఇచ్చేవాడు లిబరల్. హద్దు పాటించనివాడూ లిబరలే. ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ నాటకంలో ఒక దుర్మార్గుడికి విశేషణంగా ఈ మాట వస్తుంది. అక్కడ దానికి ఉదారతతో సంబంధం లేదు, నోటికీ నడతకూ అదుపు లేదని అర్థం. ఈ రెండు పాయలనూ పక్కపక్కనే ఉంచడంలో విలియమ్స్ నేర్పు ఉంది. పద్దు చివరికొచ్చేసరికి ఇరవయ్యో శతాబ్దిలో లిబరల్‌ను తిట్టేవాళ్లు వస్తారు. క్రమశిక్షణ లేదు, జాలి ఎక్కువ అని వాళ్ల ఆరోపణ. ఆ తిట్టు కొత్తది కాదని అప్పటికి మనకు తెలుసు. హద్దు లేకపోవడం, చేయి పెద్దది కావడం అనే ఆ రెండు పాత అర్థాలే ఆధునిక రాజకీయంలో నిందలుగా తిరిగొచ్చాయి. దీన్ని ఆయన ఆశ్చర్యార్థకంతో చెప్పడు. ముందు పేజీలో వస్తువును ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి ఊరుకుంటాడు.

పద్దెనిమిదో శతాబ్ది చివర్లో తెరిచిన మనసు గలవాడు, ఆచారాన్ని గుడ్డిగా పట్టుకోనివాడు అనే అర్థం బలపడింది. అక్కడి నుంచి రాజకీయానికి ఒక్క అడుగు. ఆ అడుగు వేయించింది మిత్రులు కాదు, శత్రువులు. స్పెయిన్‌లో కాదిజ్ నగరంలో కూడి 1812 రాజ్యాంగం రాసినవారిలో ఒక పక్షాన్ని లిబరలేస్ అనేవారు. రాజు అధికారానికి కళ్లెం వేయాలన్నది వాళ్ల పట్టుదల. 1816లో కవి రాబర్ట్ సదీ బ్రిటన్‌లోని తన ప్రత్యర్థులను ఎద్దేవా చేయడానికి ఆ స్పానిష్ రూపాన్నే వాడాడు. 1826లో వాల్టర్ స్కాట్ ఫ్రెంచి రూపాన్ని వాడాడు. మాటను విదేశీ స్పెల్లింగులో రాయడమే ఆ ఎత్తుగడ. వీళ్లు మన మనుషులు కారు, పరాయి విప్లవాల గాలి సోకినవాళ్లు అని చదివేవాడికి అందాలి. సాక్ష్యం ఎంపిక అంటే ఇది. ఒక రాజకీయ వర్గానికి పేరు పెట్టిన క్షణాన్ని విలియమ్స్ రెండు మాటలూ రెండు సంవత్సరాలతో పట్టి చూపించాడు.

తిట్టును కొందరు తలకెత్తుకున్నారు. కవి బైరన్, లీ హంట్ కలిసి ఇటలీ నుంచి 1822లో నడపబూనిన పత్రికకు ‘ది లిబరల్’ అనే పేరు పెట్టారు. అది నాలుగు సంచికలకే ఆగిపోయింది, పేరు మాత్రం ఆగలేదు. 1859లో విగ్గులు, పీల్ అనుచరులు, రాడికల్స్ ఒక్కటై బ్రిటన్‌లో లిబరల్ పార్టీగా నిలబడేసరికి, నిన్నటి నింద ప్రభుత్వం నడిపే పార్టీకి గౌరవ నామమైంది. నిజానికి ఆ విగ్, దాని ఎదుటి పక్షమైన టోరీ అనే పేర్లు కూడా తిట్లుగానే మొదలయ్యాయి. ఒకటి స్కాట్లండ్ మత తిరుగుబాటుదార్లను, రెండోది ఐర్లండ్ దారిదోపిడీగాళ్లను తిట్టడానికి పుట్టింది. రాజకీయ బిరుదులు చాలావరకు పిలుచుకున్నవి కావు, పిలిపించుకున్నవి.

పద్దు ముగింపులో విలియమ్స్ తన సొంత జెండా దాచుకోడు. ఆయన సోషలిస్టు. లిబరలిజాన్ని ఎడమవైపు నుంచి విమర్శించేవాళ్లలో ఒకడు. అయినా అక్కడ ఒక జాగ్రత్త తీసుకుంటాడు. సంప్రదాయవాదులు లిబరల్ అని తిట్టేటప్పుడు హద్దు లేనితనాన్ని తిడతారు. సోషలిస్టులు తిట్టేటప్పుడు ఒక్కోసారి అదే మెతకతనం అనే తిట్టును అరువు తెచ్చుకుంటారు. అది చవక విమర్శ అని ఆయనకు తెలుసు. గట్టి విమర్శ వేరే ఉంది. మనిషికి అవసరమైన కొన్ని స్వేచ్ఛలను నిలబెట్టిన సిద్ధాంతమే, మనిషంటే ఆస్తి కూడబెట్టుకునే ఒంటరి వ్యక్తి అనే నమ్మకాన్నీ మోసుకొచ్చిందన్నది ఆ విమర్శ. రెంటినీ విడదీసి చూపించి, తన పక్షంవాళ్లు ఆయుధాన్ని ఏ వైపు పట్టుకుని తప్పు చేస్తున్నారో కూడా చెబుతాడు. పక్షం ఉన్న మనిషి నిష్పాక్షికంగా పని చేయడం ఎలాగో ఈ ఒక్క పేరా నేర్పుతుంది.

ప్రోగ్రెసివ్ పద్దు ఇంకో తరహాది. ఇక్కడ ఆయన మొదట ప్రోగ్రెస్ అనే మాటకున్న దివ్యకాంతిని తీసేస్తాడు. ఆ మాట మొదట్లో నడక. రాజు పరివారంతో రాజ్యంలో తిరిగితే అది ప్రోగ్రెస్. జబ్బు ముదిరినా ప్రోగ్రెసే. చిత్రకారుడు హోగార్త్ 1735లో అచ్చు వేసిన చిత్రాల వరసలో ఒక ధనికుడి కొడుకు ఆస్తి తగలేసి, జైలు మీదుగా పిచ్చాసుపత్రికి చేరతాడు. దాని పేరు ‘ఎ రేక్స్ ప్రోగ్రెస్’. ముందుకు కదలడం అంటే మేలు జరగడం అనే హామీ ఆ మాటలో ఎక్కడా లేదు. పద్దెనిమిదో శతాబ్ది ఆలోచనాపరులు చరిత్రకు ఒక దిశ ఉందని, అది మెరుగుదల వైపని నమ్మిన తరవాతే ఆ హామీ వచ్చి చేరింది. పందొమ్మిదో శతాబ్దిలో రాజకీయం ఆ హామీని వాడుకుంది.

ఇందులో విలియమ్స్ పట్టిన సూక్ష్మం ఒకటుంది. ప్రోగ్రెసివ్ అంటే మార్పు కోరేవాడు అనుకుంటాం. క్రమక్రమంగా, అంచెలంచెలుగా అనే అర్థం కూడా అందులోనే ఉంది. కాబట్టి ఒకేసారి అన్నీ మార్చాలనేవాళ్ల నుంచి దూరం జరగడానికీ ఆ మాట పనికొస్తుంది. సంప్రదాయవాది కూడా నేనూ ప్రోగ్రెసివ్‌నే, నెమ్మదిగా వెళదాం అనగలడు. కెనడా పార్టీ పేరు వింత కాదు, మాటలో మొదటి నుంచీ ఉన్న వీలే. అందుకే విలియమ్స్ తేల్చిన మాట సూటిగా ఉంటుంది. దాదాపు అన్ని రాజకీయ ధోరణులూ ఈ పేరు కోరుకుంటున్నాయి కాబట్టి ఇది వర్ణించే మాటగా కంటే ఒప్పించే మాటగానే ఎక్కువ పనిచేస్తోందని ఆయన అంటాడు. వర్ణించే మాట, ఒప్పించే మాట అనే ఈ తేడా చేతికొస్తే ఎన్నికల కరపత్రం ఏదైనా కొత్తగా చదవగలం.

రాడికల్ పద్దు పొట్టిది, చురుకైనది. వేరు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చి, వైద్యంలోనూ ప్రకృతి శాస్త్రంలోనూ తిరిగి, పద్దెనిమిదో శతాబ్ది చివర్లో వేళ్లతో సహా సంస్కరణ అనే నినాదంలో రాజకీయానికి ఎక్కింది. ముందు భయపెట్టింది. కొన్ని దశాబ్దాలకు పెద్దమనుషుల బిరుదైంది. ఇరవయ్యో శతాబ్దిలో సోషలిస్టు అనిపించుకోవడం ఇష్టం లేనివాళ్లకు తలదాచుకునే చోటైంది. ఆ మీదట కుడివైపు తీవ్రవాదులకు కూడా విశేషణమైంది. వేరు దాకా వెళ్లడం అనే అర్థానికి దిశ లేదు కాబట్టి, ఏ దిశవాడైనా దాన్ని పట్టుకోవచ్చు. మూడు పద్దులూ వరసగా చదివితే ఒక సంగతి తేలుతుంది. లిబరల్‌ను శత్రువు కట్టబెట్టాడు, ప్రోగ్రెసివ్‌ను అందరూ కోరుకున్నారు, రాడికల్‌ను వంతులవారీగా వాడుకున్నారు. మూడు మాటలకు మూడు జీవితాలు. ఒకే సూత్రంతో మూడింటినీ కొలవకపోవడం ఈ రచయిత నిజాయితీ.

ఇక వాక్యం సంగతి. విలియమ్స్ గద్యం తీయగా ఉండదు. ‘చాలావరకు’, ‘కొంతమేరకు’, ‘అయినప్పటికీ’ లాంటి బిగింపులు ప్రతి రెండో వాక్యంలోనూ ఉంటాయి. మొదటిసారి చదివేవాడికి అవి అడ్డుపడతాయి. రెండోసారి చదివితే ఒక్కో బిగింపు ఒక్కో అబద్ధాన్ని ఆపుతోందని అర్థమవుతుంది. ఫలానా సంవత్సరంలో అర్థం మారింది అని ఆయన అనడు. అప్పటికి మారిన వాడుక కనబడుతోంది, పాతదీ సాగుతోంది అంటాడు. భాష అలాగే మారుతుంది కాబట్టి వాక్యం కూడా అలాగే నడవాలి. సాయంత్రం బడుల్లో వయోజనులకు పదిహేనేళ్లు పాఠాలు చెప్పిన మనిషి రాసిన గద్యమిది. తెలిసినదాన్ని తగ్గించి చెప్పదు, తెలియనిదాన్ని దబాయించి దాటేయదు.

పుస్తకం అమరికలో కూడా ఆలోచన ఉంది. మాటలను రాజకీయం, కళ, ఆర్థికం అని విభాగాలు చేసి ఉంటే చదువరికి సులువయ్యేది. ఆయన అక్షరక్రమం పాటించాడు. విభాగాలు కడితే తాను ముందే తీర్పు చెప్పినట్టవుతుందని ఆయన జంకు. పద్దు పద్దుకూ సంబంధాలు చదువరే వెతుక్కోవాలి. లిబరల్ దగ్గర మొదలుపెట్టినవాడు మెకానికల్‌కు, అక్కడి నుంచి వర్క్‌కు, వర్క్ నుంచి క్లాస్‌కు వెళ్లేసరికి ఒక సమాజం చరిత్ర చదివినవాడవుతాడు. పుస్తకం చివర కొన్ని పేజీలు ఖాళీగా వదిలాడు. రాసుకోవడానికి వీలుగానే కాక, విచారణ ముగియలేదనే గుర్తుగా కూడా వదిలానని, దిద్దుబాట్లు పంపితే సంతోషమని ముందుమాటలో చెప్పుకున్నాడు.

లోటుపాట్లు లేవని కాదు. చరిత్రకారుడు క్వెంటిన్ స్కినర్ 1979లో పదునైన అభ్యంతరం లేవదీశాడు. మాట వేరు, భావం వేరు అన్నాడు. ఒరిజినాలిటీ అనే మాట ఇంగ్లిషులోకి రాకముందే కవి మిల్టన్‌కు తన కావ్యం మునుపెవరూ చేయనిదై ఉండాలనే పట్టుదల ఉంది కదా, మాట చరిత్ర రాస్తే భావం చరిత్ర రాసినట్టవుతుందా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఇంకోటి విలియమ్స్ తనే ఒప్పుకున్నాడు. ఆయన సాక్ష్యాల్లో ఎక్కువ భాగం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువి. ఆ నిఘంటువు అచ్చయిన రచనల మీద నిలబడింది. అచ్చుకెక్కనివాళ్ల నోటి మాట అందులోకి రాదు. సిగ్నల్‌మన్ కొడుకుకు ఈ లోటు పుస్తకాల ద్వారా తెలియవలసిన పని లేదు.

పుస్తకం పద్ధతి ఎంత గట్టిదో రచయిత పోయాక అమెరికా చూపించింది. అక్కడ 1930ల్లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తన ‘న్యూ డీల్’ కార్యక్రమానికి లిబరల్ అనే పేరు వాడుకున్నాడు. ఆయన చేతిలో ఓడిన హెర్బర్ట్ హూవర్ అసలైన లిబరలిజం తనదేనని వాదిస్తూ 1934లో పుస్తకమే రాశాడు. గెలిచినవాడికి మాట దక్కింది. 1988 అధ్యక్ష ఎన్నికల్లో జార్జ్ బుష్ వర్గం మైకేల్ డుకాకిస్ మీద లిబరల్ అనే మాటను తిట్టుగా ప్రయోగించి, నోటితో పలకడానికి సిగ్గుపడే మాటన్నట్టు ప్రచారం చేసింది. ప్రచారం చివరి రోజుల్లో గానీ డుకాకిస్ తాను లిబరల్‌నని ధైర్యంగా అనలేకపోయాడు. విలియమ్స్ అదే ఏడాది జనవరిలో చనిపోయాడు. తరవాత డుకాకిస్ పక్షంవాళ్లు పాత అటక మీది ప్రోగ్రెసివ్‌ను కిందికి దించారు. 1912లో థియోడర్ రూజ్‌వెల్ట్ పార్టీకి ఉన్న పేరే అది. 1948లో హెన్రీ వాలెస్ పార్టీకీ ఆ పేరే ఉండి, కమ్యూనిస్టు ముద్ర పడి మసకబారింది. 2007లో ఒక చర్చలో మీరు లిబరలా అని అడిగితే హిల్లరీ క్లింటన్ ప్రోగ్రెసివ్ అనే మాటే తనకిష్టమని జవాబిచ్చింది. శత్రువు పాడుచేసిన పేరు వదిలి అందరూ కోరుకునే పేరు పట్టుకోవడం విలియమ్స్ రెండు పద్దులు చదివినవాడికి ముందే తెలిసిన కదలిక.

ఆయన పద్ధతి తెలుగులో పనిచేస్తుందా? మూడు మాటలతో చూడొచ్చు. 1907 సూరత్ కాంగ్రెస్ చీలికలో గోఖలే పక్షం మితవాదులు, తిలక్ పక్షం అతివాదులు. విజయనగరంలో పుట్టి అలహాబాదులో ‘లీడర్’ పత్రిక నడిపిన సి.వై. చింతామణి లిబరల్ పార్టీ నాయకుడు. ఆనాటి లెక్కలో ఆయన మితవాది. అంటే లిబరల్, మితవాది దాదాపు ఒకే మనిషి. తరవాత కమ్యూనిస్టు పార్టీ పత్రాలు కుడివైపు జారడాన్ని మితవాద అవకాశవాదం అన్నాయి. అక్కడి నుంచి మన పత్రికలకు రైట్ వింగ్ అంటే మితవాదమే అయింది. ఫలితంగా యూరప్ ఎన్నికల వార్తల్లో ‘తీవ్ర మితవాద పార్టీ’ అనే మాట చదువుతున్నాం. మితం తీవ్రమెలా అవుతుందని ఎవరూ అడగడం లేదు. ఈ వైరుధ్యం నిరక్షరాస్యత వల్ల వచ్చింది కాదు. ఒక పక్షం తన లోపలి తగవు కోసం చేసుకున్న మాట ఊరందరిదీ కావడం వల్ల వచ్చింది.

రెండో మాట లిబరల్. తెలుగు దాన్ని రెండుగా చీల్చింది. ఆలోచనకు ఉదారవాదం అన్నాం. 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం లైసెన్సుల బిగువు సడలించినప్పుడు దానికి సరళీకరణ అన్నాం. ఇంగ్లిషులో అన్నాచెల్లెళ్లయిన మాటలు ఇక్కడ చుట్టరికం తెలియకుండా పెరిగాయి. సరళీకరణను వ్యతిరేకించే మనిషిని టీవీ చర్చలో లిబరల్ అని తిట్టడం అందుకే మనకు వింతగా తోచదు. మళ్లీ వామపక్షం నయా ఉదారవాదం అన్నప్పుడు ఆ చుట్టరికం ఉన్నట్టుండి బయటపడుతుంది. దాతృత్వం ధ్వనించే మాట నిందగా వినిపించి చదువరి తికమకపడతాడు.

మూడోది అభ్యుదయం. ప్రోగ్రెసివ్‌కు మనం ఎంచుకున్న పాత సంస్కృత పదం. శుభకార్యాలకు ముందు చేసే నాందీ శ్రాద్ధాన్ని ఆభ్యుదయికం అంటారు. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగినప్పుడు ఆ మాట కర్మకాండ గడప దాటి శ్రామికుడి పక్షం చేరింది. 1970లో విప్లవ రచయితల సంఘం పుట్టాక, కొత్తవాళ్ల దృష్టిలో అదే మాట వెనకబడిన మాటయింది. విద్యార్థి, మహిళా సంఘాలు ప్రగతిశీల అనే వేరే మాట కట్టుకున్నాయి. మరోవైపు వ్యవసాయ వార్తల్లో అభ్యుదయ రైతు వర్ధిల్లుతున్నాడు. కొత్త విత్తనం, బిందు సేద్యం వాడి దిగుబడి పెంచినవాడు అతను. భూమి పంపకం గురించి అతని అభిప్రాయం ఎవరూ అడగరు. ఒకే మాటలో పితృదేవతలు, శ్రీశ్రీ తరం, వ్యవసాయ శాఖ పక్కపక్కనే ఉన్నారు. విలియమ్స్ చేతికి దొరికితే నాలుగు పేజీల పద్దు అయ్యేది.

మనకు ఆధారాలకు కరువు లేదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు పదానికి కావ్య ప్రయోగాలు చూపిస్తుంది. రాజకీయ పదాల జీవితం కావ్యాల్లో దొరకదు. 1902 నుంచి కృష్ణాపత్రిక, 1908 నుంచి ఆంధ్రపత్రిక, పార్టీల కరపత్రాలు, సభల తీర్మానాలు, శాసనసభ చర్చలు అసలైన గని. వాటిలోంచి మితవాది, ఉదారవాది, అభ్యుదయం, సంస్కరణ, వెనకబడిన, అభివృద్ధి అనే మాటల తొలి వాడుకలను సంవత్సరంతో సహా ఏరి, ఏది ఎవరి నోట పుట్టిందో, ఎవరు ఎవరి నుంచి లాక్కున్నారో రాయగలిగినవాళ్లు విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో, చరిత్ర శాఖల్లో ఉన్నారు.

‘కీవర్డ్స్’ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవనక్కర లేదు. లిబరల్ పద్దుతో మొదలుపెట్టండి. ప్రోగ్రెసివ్, రాడికల్ చదివి, అక్కడి నుంచి సూచనలు పట్టుకుని పోండి. తరవాత ఎవరైనా మిమ్మల్ని ఏదో ఒక వాది అని పిలిస్తే, ఆ పేరు ఏ సంవత్సరపు అర్థంలో పిలుస్తున్నారో అడగండి. చర్చ అక్కడి నుంచి మొదలైతే కాస్తయినా ముందుకు సాగుతుంది.